పేజీ దక్కింది సరే, క్లూ దక్కిందా? లెటర్‌బాక్సింగ్ వాళ్ల కోసం వేబ్యాక్ మెషీన్ ‘సేవ్ పేజ్ నౌ’ సమీక్ష

లెటర్‌బాక్సింగ్ అంటే ఒకరు పెట్టె దాచి, దారి చెప్పే క్లూ రాస్తే ఇంకొకరు అది చదివి వెతికి పట్టుకునే ఆట. గుట్ట మీద గుండ్ల సందులో పెట్టిన గట్టి మూత డబ్బా నాలుగైదు వానాకాలాలు తట్టుకుంటుంది. దానికి దారి చెప్పే వెబ్ పేజీ అన్నేళ్లు ఉంటుందన్న భరోసా లేదు. పెట్టినవాళ్లకు ఉద్యోగం పుణెకో డల్లాస్‌కో మారుతుంది, డొమైన్‌కు ఏటా కట్టాల్సిన డబ్బు కట్టడం మరచిపోతారు, ఒకరోజు పేజీ తెరిస్తే ఎవరివో ప్రకటనలు కనబడతాయి. డబ్బా ఉన్నచోటే ఉంటుంది. దాని దగ్గరికి చేర్చే నాలుగు వాక్యాలే పోతాయి.

ఇలా పట్టించుకునే దిక్కులేని పెట్టెల క్లూలు ఎలా దాచాలని అడిగితే ఎవరైనా ముందుగా చెప్పే పేరు, వెబ్ పేజీల ప్రతులు దాచిపెట్టే సంస్థ ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్, అందులోని ‘సేవ్ పేజ్ నౌ’. పైసా ఖర్చు లేదు, ఫోన్లోనూ పనిచేస్తుంది. పాత పేజీలు చూపించే సాధనంగా దాన్ని పొగిడినవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి ఆ సంగతి ఇక్కడ వద్దు. లెటర్‌బాక్స్ క్లూ అనే ఒక్క సరుకుకు అది ఎంతవరకు పనికొస్తుంది, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు క్లూలు దాచుకునేవాళ్లు దానికి తోడు ఏం చేసుకోవాలి, అంతవరకే ఈ సమీక్ష.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో జేమ్స్ పెరట్ అనే గైడు క్రాన్‌మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక గాజు సీసా పెట్టాడు. అక్కడిదాకా నడిచి వచ్చినవాళ్లు తమ కార్డు అందులో వేసి పోయేవారు. తర్వాత సీసా పోయి పెట్టె వచ్చింది, పెట్టెలోకి పుస్తకం, రబ్బరు స్టాంపు వచ్చి చేరాయి. 1998లో స్మిత్సోనియన్ పత్రికలో వచ్చిన వ్యాసంతో ఇది అమెరికా అంతటా పాకింది. పెట్టెలోని స్టాంపు ముద్ర మీ పుస్తకంలో, మీ స్టాంపు ముద్ర పెట్టెలోని పుస్తకంలో. 2000లో మొదలైన జియోకాషింగ్‌కు జీపీఎస్ అంకెలు ఆధారం. అంకెలు నాలుగు చోట్లకు కాపీ అయి ఎక్కడో ఒకచోట మిగులుతాయి. లెటర్‌బాక్స్‌కు ఆధారం మాటలు. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో అదే పద్ధతిలో మిగలకపోతే పెట్టె దొరకదు.

ఇక సేవ ఎలా పనిచేస్తుందో చూద్దాం. వెబ్ డాట్ ఆర్కైవ్ డాట్ ఆర్గ్ స్లాష్ సేవ్ అని కొడితే ఒక గడి వస్తుంది. క్లూ పేజీ చిరునామా అందులో అతికించి బటన్ నొక్కితే చాలు. అకౌంట్ లేకున్నా పేజీ సేవ్ అవుతుంది. కానీ ఈ పనికి అకౌంట్ తెరవడమే మంచిది, అదీ ఉచితమే. లాగిన్ అయితే గడి కింద మరికొన్ని టిక్ పెట్టెలు కనిపిస్తాయి. వాటిలో మూడింటిని పట్టించుకోవాలి.

మొదటిది ‘సేవ్ అవుట్‌లింక్స్’. పెట్టెలు వరసగా పెట్టేవాళ్లు ఒక సూచిక పేజీలో పదో పన్నెండో పేర్లు రాసి, ఒక్కో పేరుకు ఒక్కో లింకు ఇస్తారు. సూచిక ఒక్కటే సేవ్ చేస్తే పేర్ల పట్టిక మిగులుతుంది, క్లూలు మిగలవు. ఈ టిక్ పెడితే ఆ లింకుల వెనక ఉన్న పేజీలు కూడా వస్తాయి. అయితే ఒక్క మెట్టు వరకే. లింకు లోపల ఇంకో లింకు ఉంటే దాన్ని మీరే విడిగా ఇవ్వాలి. రెండోది ‘సేవ్ స్క్రీన్ షాట్’, ఇది తప్పకుండా పెట్టాలి. పేజీ కోడ్ ఏ కారణంతో చెదిరినా బొమ్మలోని అక్షరాలు చదువుకోవచ్చు. మూడోది ‘సేవ్ ఎర్రర్ పేజెస్’. ఇది ముందే టిక్ పెట్టి ఉంటుంది, మీరే తీసేయాలి. తీయకపోతే ఆ క్షణంలో సైట్ మొరాయించి ‘పేజీ లేదు’ అని చూపించినా, ఆ ‘పేజీ లేదు’ అనే పేజీనే శ్రద్ధగా దాచి, పని అయిపోయిందని చెబుతుంది. మీరు నిశ్చింతగా ఉంటారు. అసలు పేజీ ఆర్నెల్లకు పోతుంది.

సేవ్ అయ్యాక వచ్చే లింకును వేరే విండోలో, లాగిన్ లేకుండా తెరిచి క్లూ చివరి వాక్యం దాకా చదవాలి. మొదటి పేరా కనిపించగానే మూసేయొద్దు. ‘ఇంకా చదవండి’ అని నొక్కితే తప్ప విప్పుకోని పేజీల్లో మిగతా సగం చాలాసార్లు రాదు. లాగిన్ అయితేనే కనిపించే క్లూ అసలు రాదు, దాని బదులు లాగిన్ పేజీ సేవ్ అవుతుంది. గూగుల్ మ్యాప్ అతికించిన చోట ఖాళీ గడి మిగులుతుంది, కాబట్టి మ్యాప్ మీదున్న గుర్తు తాలూకు అక్షాంశ రేఖాంశాలు చేత్తో రాసుకోవాలి. డెసిమల్ డిగ్రీల్లో 5 స్థానాలు రాస్తే సుమారు ఒక మీటరు తేడాలో చోటు తెలుస్తుంది, 4 స్థానాలైతే పదకొండు మీటర్లు. గుండ్లతో నిండిన గుట్ట మీద పదకొండు మీటర్లంటే మధ్యాహ్నమంతా వెతకాలి.

లింకులో కనిపించే 14 అంకెలు సేవ్ చేసిన సమయం: సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. అది మన గడియారం కాదు, యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి. తెల్లారుజామున సేవ్ చేస్తే ముందురోజు తేదీ పడుతుంది. చిన్న విషయమే, కానీ ‘ఫలానా తేదీన పెట్టె దొరికింది’ అనే రికార్డుతో పోల్చేటప్పుడు ఒకరోజు తేడా ఎందుకొచ్చిందో తెలియక తికమక పడతారు.

పేజీ ఇప్పటికే పోయి, ఎవరైనా ముందే దాచారేమో చూడాలంటే ఇదే సైట్‌లో చిరునామా కొట్టి క్యాలెండర్ తెరవాలి. నీలం చుక్క అంటే పేజీ సవ్యంగా వచ్చింది, ఆకుపచ్చ అంటే వేరే చోటికి మళ్లించింది, నారింజ అంటే పేజీ లేదు, ఎరుపు అంటే సర్వర్ పడిపోయింది. నీలం చుక్కల్లో అన్నిటికన్నా కొత్తది నొక్కడం అందరికీ అలవాటు. దిక్కులేని పెట్టెల విషయంలో అది పనికిరాదు. డొమైన్ గడువు తీరాక వచ్చే ప్రకటనల పేజీ కూడా సవ్యంగా తెరుచుకునే పేజీయే కాబట్టి దానికీ నీలం చుక్కే పడుతుంది. వెనక్కి వెళుతూ క్లూ కనిపించే చివరి చుక్క పట్టుకోవాలి. అక్కడితో ఆగకుండా మొదటి చుక్క కూడా తెరవాలి. రెండింటిలో క్లూ తేడాగా ఉంటే, పెట్టినవాళ్లు మధ్యలో పెట్టె జరిపారన్నమాట. రెండూ దాచుకోవాలి.

పేజీ పైన ‘అబౌట్ దిస్ క్యాప్చర్’ అని ఒకటి ఉంటుంది. చాలామంది దాని జోలికి పోరు. అది విప్పితే పేజీలోని ఒక్కో బొమ్మ ఏ తేదీదో కనిపిస్తుంది. అక్షరాలు ఒక ఏటివి, పక్కనున్న ఫొటో మరో ఏటిది కావడం మామూలే. ‘ఫొటోలో కనిపించే చెట్టు దగ్గర’ అని రాసిన క్లూకు ఇది ప్రాణం లాంటి సంగతి. చిరునామా చివర స్లాష్, నక్షత్రం పెట్టి వెతికితే ఆ సైట్‌లో దాచిన పేజీలన్నీ వరసగా వస్తాయి. సూచిక పేజీ పోయి, క్లూ పేజీలు మాత్రం మిగిలిన సైట్లకు ఇదే దారి. కానీ చిరునామాలో ఒక ముక్కైనా తెలియాలి. క్లూలోని మాటలు కొట్టి వెతకడం ఇక్కడ కుదరదు. సైట్ యజమాని అడిగితే మొత్తం సైట్‌నే చూపించకుండా పక్కన పెట్టేస్తారు కూడా. అప్పుడు మనం చేయగలిగింది లేదు.

ఇంతవరకు సేవకు మార్కులు వేయమంటే పదికి ఎనిమిది. పేజీని పేజీలా దాచడంలో ఉచితంగా దొరికేవాటిలో దీనికి సాటి లేదు. ఇబ్బంది ఇక్కడ మొదలవుతుంది: పేజీ మిగిలినంత మాత్రాన క్లూ పనిచేయదు. క్లూ రాసినరోజు ఊరు ఎలా ఉందో అది పేజీలో ఉండదు. మన వైపు ఊళ్లు, పేర్లు, అంకెలు పదేళ్లలో ఎంత మారాయో లెక్క పెడితే సంగతి తెలుస్తుంది.

జిల్లాలతో మొదలుపెడదాం. 2016 అక్టోబర్ 11న నల్లగొండ జిల్లా మూడయింది: నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాత మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా విడిపోయింది. 2012లో రాసిన క్లూలో ‘మహబూబ్‌నగర్ జిల్లా, అలంపురం’ అని ఉంటే ఇప్పటి పటంలో అది జోగులాంబ గద్వాల. అలంపురం ఒక్కటే కాబట్టి గండం లేదు. ‘పిల్లలమర్రి’ అని మాత్రమే ఉంటే? మహబూబ్‌నగర్ దగ్గర పెద్ద మర్రిచెట్టు ఉన్న పిల్లలమర్రి ఒకటి, సూర్యాపేట దగ్గర కాకతీయుల గుళ్లున్న పిల్లలమర్రి ఇంకొకటి. ‘పానగల్’ కూడా అంతే: నల్లగొండను ఆనుకుని సోమేశ్వరాలయాలున్న పానగల్, వనపర్తి జిల్లాలో కోట ఉన్న పానగల్. ఈ ఊరివాళ్లకు క్లూ చదవగానే అర్థమైపోతుంది, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు వంద కిలోమీటర్లు తప్పు దారిలో పోతారు. అందుకే దాచుకునే కాగితం మీద క్లూలో ఉన్న జిల్లా పేరు, ఇప్పటి జిల్లా పేరు, మండలం మూడూ రాయాలి.

రోడ్ల నంబర్లు కూడా మారాయి. విజయవాడ హైవే 9వ నంబరు నుంచి 65 అయింది. జడ్చర్ల మీదుగా కర్నూలు పోయేది 7 నుంచి 44 అయింది. ఈ మార్పు 2010లో వచ్చింది, కానీ జనం నోట పాత నంబర్లు ఇంకా ఉన్నాయి, క్లూల్లోనూ ఉన్నాయి. వెడల్పు చేసినప్పుడు కిలోమీటరు రాళ్లు పీకి కొత్తవి పాతుతారు. ‘ఫలానా అంకె ఉన్న రాయి నుంచి ఉత్తరానికి’ అనే క్లూకు తేదీ లేకపోతే ఆ రాయి పాతదో కొత్తదో ఎవరు చెప్పాలి?

చెరువులది మరీ చిక్కు. ఇలాంటి క్లూ ఒకటి అనుకోండి:

‘చెరువు కట్ట మీద రెండో తూము దగ్గర నిలబడి మత్తడి వైపు తిరుగు. నలభై అంగలు. ఎడమ పక్క కిందికి చూస్తే ఒకదాని మీద ఒకటి మూడు గుండ్లు. అడుగు గుండు వెనక, జానెడు లోపలికి, చిన్న రాయి అడ్డం.’

రాసినరోజు ఇది పసిపిల్లాడైనా పట్టగలిగే క్లూ. ఇప్పుడు ఒక్కో ముక్క తీసి చూడండి. రెండో తూము ఏ వైపు నుంచి లెక్కపెడితే రెండోది? ఊరి వైపు నుంచా, మత్తడి వైపు నుంచా? 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చాలా చెరువులకు కట్టలు ఎత్తు చేశారు, తూములు మరమ్మతు చేశారు. క్లూ అంతకుముందుదైతే పాత తూము మట్టిలో ఉండొచ్చు. అంగ అంటే ఒక అడుగు వేయడమా, కుడికాలు మళ్లీ నేల తాకేదాకా రెండు అడుగులా? అమెరికా క్లూల్లో పేస్ అంటే ఎక్కువమంది రెండు అడుగులే లెక్కపెడతారు, కొందరు ఒకటిగా లెక్కపెడతారు. అదే పద్ధతి చూసి తెలుగులో రాసినవాళ్లు ఏది అనుకున్నారో క్లూలో చెప్పకపోతే నలభై అంగలు ముప్పై మీటర్లు కావచ్చు, అరవై మీటర్లు కావచ్చు. గుండ్లున్నాయా, క్వారీవాళ్లు తీసుకుపోయారా? పైనున్న రెండు గుండ్లు పోతే అడుగు గుండు మామూలు గుండులాగే ఉంటుంది.

వీటిలో ఒక్కదానికీ సేవ్ పేజ్ నౌ జవాబు చెప్పదు. చెప్పాలని ఆశించడమూ న్యాయం కాదు. క్లూ పక్కన ఒక కాగితం పెట్టడం మన పని. ఆ కాగితం మీద ఉండాల్సినవి ఇవి: పెట్టె పేరు, పెట్టినవాళ్లు ఆటలో వాడే పేరు, పెట్టిన తేదీ, క్లూ చివరిసారి మార్చిన తేదీ, పేజీ అసలు చిరునామా, వేబ్యాక్ లింకులోని 14 అంకెలు, ఎవరికైనా చివరిసారి దొరికిన తేదీ, వెతికి దొరకక తిరిగొచ్చిన తేదీలు. ఈ చివరి రెంటినీ ఒకే గడిలో కలిపి ‘పోయింది’ అని రాసే అలవాటు మానాలి. ఒకరికి దొరకనంత మాత్రాన పెట్టె పోయినట్టు కాదు. ఏడేళ్లు ఎవరూ రాకపోయినా, మూత బిగుతుగా ఉంటే లోపలి పుస్తకం పొడిగా ఉండే అవకాశం ఉంది.

దిక్సూచి క్లూలకు తేదీ ఇంకా ముఖ్యం. అయస్కాంత ఉత్తరం, అసలు ఉత్తరం ఒకటి కావు, తేడా ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది. డార్ట్‌మూర్‌లో 1980లలో ఈ తేడా ఐదు డిగ్రీలకు పైగా పడమటికి ఉండేది, ఇప్పుడు దాదాపు సున్నా దగ్గరికి వచ్చింది. ఐదు డిగ్రీలంటే వంద అడుగుల నడకలో తొమ్మిది అడుగులు పక్కకు జరిగినట్టు. మన వైపు తేడా ఒక డిగ్రీకి అటూఇటూ కాబట్టి స్థానిక క్లూలకు అంత బాధ లేదు. విదేశీ పెట్టెల క్లూలు దాచేవాళ్లు మాత్రం తేదీ లేని బేరింగ్‌ను, అంటే దిక్సూచి మీద డిగ్రీల్లో చెప్పిన దిశను, నమ్మొద్దు. మన దగ్గర మోసం చేసేది పాత సర్వే ఆఫ్ ఇండియా పటాలు. అవి ఫోన్ జీపీఎస్ వాడే లెక్కలో కాక, ఎవరెస్ట్ అనే పాత పద్ధతిలో కొలిచినవి. వాటి మీద చదివిన అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఫోన్లో కొడితే ఈ ప్రాంతంలో వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. అంకె ఏ పటంలోంచి తీశారో పక్కన ఒక మాట రాస్తే చాలు.

చెట్ల క్లూలను దాచేటప్పుడు చెట్టు పేరుతో సరిపెట్టొద్దు. ఆరేడు వందల ఏళ్లదని చెప్పుకునే మహబూబ్‌నగర్ పిల్లలమర్రికే చెదలు పట్టి, 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించాల్సి వచ్చింది, అప్పట్లో జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు. కట్ట మీది తాటిచెట్టు ఎంత? చెట్టుతో పాటు కదలని గుర్తు ఇంకొకటి, మోరీ గోడో గుట్ట అంచో, రాసి ఉంచాలి. బోరింగుల మీద కూడా ఆశ పెట్టుకోవద్దు.

క్లూలోని అక్షరం మాత్రం మార్చొద్దు. తప్పులు కనిపించినా సరే. ‘తూము’కు ‘తుము’ అని రాసి ఉంటే అది పొరపాటు కావచ్చు, కావాలని పెట్టిన గుర్తు కావచ్చు. చిక్కుముడి క్లూల్లో వాక్యాల మొదటి అక్షరాలు కలిపితే ఊరి పేరు వస్తుంది. మనం భాష బాగుచేసి, వాక్యం తిప్పి రాస్తే ఆ పేరు మాయమవుతుంది. మీ వ్యాఖ్య ఉంటే కింద గీత కొట్టి, తేదీ వేసి, విడిగా రాయండి.

తెలుగు క్లూల విషయంలో ఈ సేవ అందుకోలేని చోట్లు ఇంకో రెండున్నాయి. ఒకటి వాట్సాప్. మన దగ్గర క్లూలు వెబ్ పేజీకన్నా ఎక్కువగా అక్కడే తిరుగుతాయి, అక్కడిది వేబ్యాక్ మెషీన్‌కు అందదు. ఫార్వర్డ్ అయ్యేకొద్దీ మొదట రాసిందెవరో, ఎప్పుడో చెరిగిపోతుంది. గ్రూపులోకి పోయి ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ కొడితే తేదీ, సమయంతో సహా అక్షరాల ఫైలు వస్తుంది. దాచాల్సింది అదే, స్క్రీన్ షాట్ దానికి తోడు మాత్రమే. ఫొటో క్లూ అయితే పెట్టినవాళ్లను ‘డాక్యుమెంట్‌గా పంపండి’ అని అడగాలి. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి, ఎక్కడ తీశారో చెప్పే వివరాలు కూడా తీసేస్తుంది.

రెండోది డీటీపీ సెంటర్లో టైపు చేయించిన క్లూలు. అను ఫాంట్లలో కొట్టించి పీడీఎఫ్ చేసి సైట్‌లో పెడితే చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అందులోంచి అక్షరాలు కాపీ చేస్తే ఇంగ్లిష్ గుర్తుల గందరగోళం వస్తుంది, వెతకడం కుదరదు. పీడీఎఫ్ సేవ్ చేసుకుని, పక్కనే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసి, యూటీఎఫ్-8 టెక్స్ట్ ఫైలుగా దాచాలి. యూనికోడ్ పేజీని క్రోమ్‌లో పీడీఎఫ్‌గా మార్చినా, దాంట్లోంచి తిరిగి కాపీ చేసేటప్పుడు వత్తులు, గుడులు ఒక్కోసారి చెల్లాచెదురవుతాయి. టెక్స్ట్ ఫైలుకు ఆ బెడద లేదు. క్రోమ్‌లో ప్రింట్ కొట్టేటప్పుడు ‘హెడర్స్ అండ్ ఫుటర్స్’ టిక్ ఉంచితే పేజీ చిరునామా, ప్రింట్ తీసిన తేదీ కాగితం అంచున వాటంతటవే పడతాయి. అందం కోసం ఆ టిక్ తీసేసేవాళ్లుంటారు, తీయొద్దు.

కాగితం దాకా ఎందుకంటే, కారణం ఉంది. 2024 అక్టోబర్‌లో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగింది, కోట్ల మంది అకౌంట్ల వివరాలు బయటపడ్డాయి, సైట్ కొన్ని రోజులు మూతపడింది. తిరిగొచ్చాక కూడా మొదట పాతవి చదువుకోనిచ్చారు, కొత్తగా సేవ్ చేయడం ఇంకొన్నాళ్లకు గానీ మొదలుకాలేదు. దాచినవి పోలేదు. కానీ ఆ రోజుల్లోనే ఏ పేజీ అయినా మూతపడి ఉంటే అంతే సంగతులు. ఆ అకౌంట్‌కు వేరే ఎక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టుకోమని చెప్పడానికి కూడా ఇదే కారణం. 2009లో యాహూ వాళ్లు జియోసిటీస్ మూసేసినప్పుడు ఉచిత పేజీలు కుప్పలుగా పోయాయి. ఎవరో ఒకరు దాచే ఉంటారులే అని అందరూ అనుకున్న పేజీలు ఎవరూ దాచనివిగా తేలడం ఇలాంటప్పుడే.

వేబ్యాక్‌కు బదులు ఏముంది? ఆర్కైవ్ టుడే ఉంది. వేబ్యాక్ తడబడే కొన్ని పేజీలను అది చక్కగా పట్టుకుంటుంది. అయితే నడిపేదెవరో బయటికి తెలియని సేవ మీద ఏకైక ప్రతిని ఉంచడం మాకు నచ్చదు, రెండో ప్రతికైతే సరే. కంప్యూటర్ ఉంటే క్రోమ్‌లో ‘వెబ్‌పేజ్, సింగిల్ ఫైల్’ అని సేవ్ చేసుకోవచ్చు. లాగిన్ వెనకున్న క్లూకు ఇదొక మంచి మార్గం. పొట్టి లింకులు మాత్రం దాచుకోవద్దు. నొక్కి, తెరుచుకున్న అసలు చిరునామా రాసుకోవాలి.

కాగితం విషయానికొస్తే, నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కలైనా, మహబూబ్‌నగర్‌లోనైనా జిరాక్స్ సెంటర్‌కు పోయి లేజర్ ప్రింటే అడగండి. ఇంక్‌జెట్ సిరా చెమట చేయి తగిలినా అలుక్కుపోతుంది. లేజర్ పొడి వేడికి కాగితంలో కరిగి అంటుకుంటుంది కాబట్టి తడికి చెదరదు. బిల్లుల కాగితం మీద, అంటే థర్మల్ పేపర్ మీద, ఏ నోటూ రాసి దాచొద్దు. మే నెలలో మూసిన కారు డాష్‌బోర్డు మీద ఒక్క మధ్యాహ్నం ఉంటే నల్లబడుతుంది, నీడలో పెట్టినా మెల్లగా వెలిసిపోతుంది. ఇంట్లో దాచే ఫైలుకు మెత్తటి పీవీసీ కవర్లు కొనొద్దు, వేడికి లేజర్ అక్షరాలు కవర్‌కు అంటుకుని ఊడొస్తాయి. పాలీప్రొపిలీన్ కవర్లు అడగాలి. గరగరలాడుతూ, కొంచెం పొగమంచు రంగులో ఉంటాయి.

లామినేషన్ బయటికి తీసుకెళ్లే ప్రతికే. దాచుకునే ప్రతికి వద్దు, ఒకసారి వేశాక కింద తేదీ వేసి ఒక్క ముక్క కూడా చేర్చలేరు. వేయించేటప్పుడు కాగితాన్ని పౌచ్‌కన్నా చిన్నగా కత్తిరించి, నాలుగు వైపులా కనీసం 5 మిల్లీమీటర్లు ఉత్త ప్లాస్టిక్ మిగిలేలా చూడాలి. షాపులో మిగులు అందంగా లేదని కాగితం అంచుదాకా కోసేస్తారు. కోయొద్దని ముందే చెప్పాలి. కోస్తే అంచు నుంచి నీరు పాకి మొదటి వానకే లోపల బూజు మొదలవుతుంది. ఫైల్లో పెట్టడానికి చిల్లు కొట్టాలంటే ఆ ప్లాస్టిక్ మిగులులోనే కొట్టాలి, కాగితంలో కాదు. ఫైలును గోడకు ఆనించిన చెక్క అలమరలో కన్నా మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టడం మేలు. చెదలకు క్లూలంటే ప్రత్యేకమైన ఇష్టమేమీ లేదు, కాగితం ఏదైనా ఒకటే.

కాబట్టి ఎవరికి సిఫారసు? పెట్టె పెట్టి పేజీ నడుపుతున్నవాళ్లు క్లూ మార్చిన ప్రతిసారీ సేవ్ పేజ్ నౌ కొట్టాలి, రెండు నిమిషాల పని. ఇతరుల పెట్టెల క్లూలు పోగుచేసేవాళ్లకు ఇది మొదటి మెట్టు. పేజీకి ఎనిమిది వేశాం కదా, క్లూ దాచే సాధనంగా ఒంటరిగా వాడితే పదికి ఐదు. పక్కన కాగితం, టెక్స్ట్ ఫైలు ఉంటే తొమ్మిది.

దాచకూడనివి కూడా ఉన్నాయి. ఈ సేవలో సేవ్ చేసింది ప్రపంచమంతా చూస్తుంది, మీ అంతట మీరు తుడిచేయలేరు. చిక్కుముడి క్లూకు మీరు కనుక్కున్న జవాబును, పెట్టినవాళ్లు నోటిమాటగానే ఇవ్వాలనుకున్న క్లూను ఒక పేజీలో రాసి దీనికి అప్పగించొద్దు. క్లూ రాసినవాళ్ల సొత్తు. మీ ఫైల్లో ఉంచుకోండి, అడిగి వచ్చినవాళ్లకు చూపించండి. డార్ట్‌మూర్‌లో పెట్టెలను పాత రాతి కట్టడాల్లో, గోడల్లో, శిథిలాల్లో పెట్టకూడదన్న నియమం ఉంది. పాత క్లూ తిరగేస్తుంటే పానగల్ గుళ్ల గోడనో, దేవరకొండ కోట బురుజునో, అమ్రాబాద్ పులుల అడవినో చూపించేది తగిలితే దాన్ని బతికించాల్సిన పని లేదు. ఆ ప్రతి మీద ‘వెతకొద్దు’ అని ఎర్ర సిరాతో రాసి, పెట్టె ఇంకా అక్కడే ఉంటే అనుమతితో తీయించే మార్గం చూడాలి. పెట్టినవాళ్లు దొరికితే వాళ్లతోనే.